షెల్ స్క్రిప్టులో సిగ్నల్‌కు అంకె కాదు, పేరు రాద్దాం

కంప్యూటర్ ల్యాబ్‌లో లైనక్స్ నేర్చుకోవడం మొదలుపెట్టిన విద్యార్థికి మొదటి వారంలోనే నోటికి వచ్చే మాట 'కిల్ మైనస్ నైన్'. ఏదైనా ప్రోగ్రాం బిగుసుకుపోతే సీనియర్ అన్నయ్య వచ్చి ఆ మూడు ముక్కలూ కొట్టి వెళ్ళిపోతాడు. ప్రోగ్రాం ఆగిపోతుంది. ఆ తొమ్మిది ఏమిటి, ఎనిమిది ఎందుకు కాదు అని ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. తొమ్మిది వరకూ అయితే దానివల్ల పెద్ద ప్రమాదం లేదు. అదే అలవాటుతో స్క్రిప్టుల్లో 10, 12, 18, 19 అని రాయడం మొదలుపెట్టినప్పుడు చిక్కు వస్తుంది. ఆ చిక్కు ఎలాంటిదో, దానికి మందు ఏమిటో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

ముందుగా ఒక మనవి. మన సంచిక తెలుగు అక్షరాల్లో అచ్చవుతుంది కనుక ఆదేశాలను కూడా పలికే తీరులోనే రాస్తున్నాను. మీరు యంత్రం ముందు కూర్చున్నప్పుడు వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. కిల్, ట్రాప్ వంటి ఆదేశాలు చిన్న అక్షరాల్లో, సిగ్నల్ పేర్లు పెద్ద అక్షరాల్లో ఉండాలి.

సిగ్నల్ అంటే ఏమిటి?

యూనిక్స్ కుటుంబానికి చెందిన ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌లోనైనా నడుస్తున్న ప్రతి ప్రోగ్రాంను ప్రాసెస్ అంటాం. ఒక ప్రాసెస్‌కు బయటినుంచి చిన్న కబురు అందించే పద్ధతే సిగ్నల్. ఇందులో ఉత్తరం లాగా వివరాలేమీ ఉండవు. గంట కొట్టినట్టు ఉంటుంది, అంతే. మన హాస్టల్లో గంట కొడితే పిల్లలు లెక్కపెట్టుకుంటారు: ఒకటి కొడితే స్టడీ అవర్, రెండు కొడితే భోజనం. పక్క మండలంలోని హాస్టల్లో అవే రెండు గంటలు ప్రార్థనకు కావచ్చు. గంటల లెక్క మాత్రమే గుర్తుపెట్టుకున్న పిల్లవాడు ఇక్కడినుంచి అక్కడికి మారితే కంచం పట్టుకుని ప్రార్థనకు బయలుదేరతాడు. 'భోజనానికి రండి' అని పేరుపెట్టి పిలిస్తే ఏ హాస్టల్లోనైనా ఒకటే అర్థం.

సిగ్నళ్ళలో ఆ గంటల లెక్కే అంకె, ఆ పిలుపే పేరు. సిస్టమ్ లోపల పనంతా అంకెతోనే జరుగుతుంది. కానీ ఏ పేరుకు ఏ అంకె అన్నది ఒక్కో సిస్టమ్ సొంత వ్యవహారం.

తరచుగా కనిపించే పేర్లు కొన్ని చూద్దాం. హప్ అంటే హెచ్, యు, పి అనే మూడక్షరాలు. వెనకటి రోజుల్లో టెలిఫోన్ లైను మీద కంప్యూటర్‌కు కలిసినవాడు ఫోన్ పెట్టేస్తే పుట్టే సిగ్నల్ అది. ఇప్పుడు టెర్మినల్ విండో మూసేస్తే వస్తుంది. ఇంట్ అంటే ఐ, ఎన్, టి. మీరు కంట్రోల్ పట్టుకుని సి నొక్కినప్పుడు వెళ్ళేది ఇదే. టెర్మ్ మర్యాదగా 'ఇక ముగించు' అని చెప్పడం. ఏ సిగ్నలో చెప్పకుండా ఉత్త కిల్ ఆదేశం ఇస్తే వెళ్ళేది టెర్మే. కిల్ అనే పేరుతోనే ఒక సిగ్నల్ కూడా ఉంది, మన తొమ్మిది అదే. దాన్ని ప్రాసెస్ పట్టుకోలేదు, వద్దనలేదు, సర్దుకునే సమయం కూడా ఉండదు. స్టాప్ ప్రాసెస్‌ను ఉన్నచోట నిలిపేస్తుంది, కాంట్ మళ్ళీ నడిపిస్తుంది. స్టాప్‌ను కూడా పట్టుకోవడం కుదరదు. ఇక యూఎస్ఆర్1, యూఎస్ఆర్2 అనేవి ప్రోగ్రాం రాసినవారు తమకిష్టమైన పనికి వాడుకోవడానికి విడిచిపెట్టిన రెండు సిగ్నళ్ళు.

అంకెలు ఎందుకు విడిపోయాయి?

1979లో బెల్ ల్యాబ్స్ నుంచి వెలువడిన యూనిక్స్ ఏడవ ఎడిషన్‌లో సిగ్నళ్ళు 1 నుంచి 15 వరకు ఉండేవి. స్టీఫెన్ బోర్న్ రాసిన షెల్ కూడా ఆ ఎడిషన్‌తోనే జనంలోకి వచ్చింది. అందులో ట్రాప్ అనే ఆదేశం ఉంది. దానికి అంకెలే ఇచ్చేవారు. అందరి దగ్గరా ఒకే వంశం యంత్రాలు, ఒకే పట్టిక ఉన్నప్పుడు అంకె రాస్తే వచ్చే నష్టమేమీ లేదు.

తర్వాత ఇల్లు రెండయింది. బెల్ ల్యాబ్స్ మాతృసంస్థ ఏటీ అండ్ టీ వైపు సిస్టమ్ త్రీ, సిస్టమ్ ఫైవ్ అని ఒక శాఖ పెరిగింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణంలో బీఎస్‌డీ అని మరో శాఖ పెరిగింది. పదహారు నుంచి అంకెలు ఖాళీగా ఉన్నాయి. ఏటీ అండ్ టీ వారు 16, 17లను యూఎస్ఆర్1, యూఎస్ఆర్2లకు ఇచ్చారు. బర్క్‌లీ వారు పనులను నిలిపి నడిపించే ఏర్పాటు చేస్తూ 17, 18, 19లను స్టాప్, టీఎస్‌టీపీ, కాంట్‌లకు ఇచ్చారు. తండ్రి ఆస్తిని అన్నదమ్ములు ఎవరికి వారే కొలుచుకున్నట్టు అయింది.

1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లైనక్స్ మూడో దారి పట్టింది. ఇంటెల్, ఏఆర్ఎం ప్రాసెసర్ల మీద నడిచే లైనక్స్‌లో యూఎస్ఆర్1 పది, యూఎస్ఆర్2 పన్నెండు. పాత యూనిక్స్‌లో పది బస్ అనే సిగ్నల్‌ది, అంటే మెమరీని తప్పుగా ముట్టుకున్న ప్రోగ్రాంకు వెళ్ళేది. ఆ బస్ లైనక్స్‌లో ఏడుకు మారింది. ఇంకో విడ్డూరం ఏమిటంటే లైనక్స్ అంతా కూడా ఒకటి కాదు. మిప్స్ ప్రాసెసర్ మీద నడిచే లైనక్స్‌లో యూఎస్ఆర్1 పదహారు, స్టాప్ ఇరవైమూడు. కొన్ని పాత ఇంటర్నెట్ రౌటర్లలో ఉండేది ఆ మిప్స్ లైనక్సే.

ఈ చిన్న పట్టిక చూడండి. మొదటి అంకె ఇంటెల్, ఏఆర్ఎం లైనక్స్‌ది, రెండోది మ్యాక్, ఫ్రీబీఎస్‌డీలది, మూడోది సోలారిస్‌ది.

బస్ : 7, 10, 10
యూఎస్ఆర్1 : 10, 30, 16
యూఎస్ఆర్2 : 12, 31, 17
కాంట్ : 18, 19, 25
స్టాప్ : 19, 17, 23
టీఎస్‌టీపీ : 20, 18, 24

మ్యాక్ కంప్యూటర్ల సిస్టమ్ బీఎస్‌డీ వంశానికి చెందినది కనుక అది, ఫ్రీబీఎస్‌డీ ఒకే వరుసలో ఉన్నాయి. టీఎస్‌టీపీ అనేది కంట్రోల్ పట్టుకుని జెడ్ నొక్కినప్పుడు వెళ్ళే సిగ్నల్. ఇదీ నిలిపేసేదే, కానీ దీన్ని ప్రాసెస్ పట్టుకోవచ్చు.

పట్టికలో కాంట్, స్టాప్ వరుసల దగ్గర కాసేపు ఆగండి. అసలు పాఠం అక్కడ ఉంది.

పనిని ఆపమంటే నడిచింది, నడవమంటే ఆగింది

ఒక కాలేజీలో పెద్ద ఫైళ్ళను రాత్రంతా కాపీ చేసే పని ఒకటి టెర్మినల్‌లో నడుస్తున్నదనుకుందాం. పగలు తరగతులు జరిగేటప్పుడు అది నెట్‌వర్క్‌ను తినేయకుండా పొద్దున్నే నిలిపి, సాయంత్రం మళ్ళీ నడిపించాలి. లైనక్స్ మీద నేర్చుకున్న విద్యార్థి పొద్దుటి స్క్రిప్టులో

కిల్ -19 4321

అనీ, సాయంత్రం స్క్రిప్టులో

కిల్ -18 4321

అనీ రాస్తాడు. ఇక్కడ 4321 ఆ పని ప్రాసెస్ నంబరు. లైనక్స్‌లో 19 స్టాప్, 18 కాంట్. కాబట్టి అనుకున్నట్టే నడుస్తుంది.

ఇప్పుడు ఆ పనిని, దానితోపాటు ఈ రెండు స్క్రిప్టులను మ్యాక్ మీదికి మార్చారు. అక్కడ 19 అంటే కాంట్. నడుస్తున్న పనికి 'నడువు' అని చెబితే దానికి పోయేదేమీ లేదు, నడుస్తూనే ఉంటుంది. పగలంతా నెట్‌వర్క్ మందగిస్తుంది. సాయంత్రం వెళ్ళే 18 అక్కడ టీఎస్‌టీపీ. అంటే నిలిపివేత. రాత్రి నడవాల్సిన పని సరిగ్గా అప్పుడే నిలిచిపోతుంది. ఇక దానిని మళ్ళీ కదిలించేది మర్నాడు పొద్దున వెళ్ళే 19. ఎక్కడా పొరపాటు సందేశం రాదు. కిల్ ఆదేశం 'సిగ్నల్ పంపాను' అని విజయవంతంగానే ముగుస్తుంది, ఎందుకంటే అది నిజంగానే పంపింది. సోలారిస్ మీదైతే ఇంకా నిశ్శబ్దం. అక్కడ 18, 19 రెండూ వేరే కబుర్లవి, మామూలుగా ప్రాసెస్‌లు వాటిని పట్టించుకోవు. రెండు స్క్రిప్టులూ నడుస్తాయి, ఏమీ జరగదు.

తప్పు జరిగి యంత్రం అరిస్తే అది అదృష్టమే, వెంటనే చూస్తాం. తప్పు జరిగినా అంతా బాగుందని చెప్పే స్క్రిప్టుతోనే కష్టం. ఈ రెండు వరుసలనూ

కిల్ -ఎస్ స్టాప్ 4321
కిల్ -ఎస్ కాంట్ 4321

అని రాసి ఉంటే ఏ యంత్రం మీదైనా ఒకటే అర్థం. ఆ యంత్రం తన పట్టికలో చూసుకుని సరైన అంకెను తనే తీసుకుంటుంది. మైనస్ ఎస్ పెట్టి పేరు చెప్పడం పోజిక్స్ ప్రమాణం చెప్పిన పద్ధతి. మైనస్ వెంటనే పేరు అతికించి 'కిల్ -స్టాప్' అని రాసినా అన్నిచోట్లా పనిచేస్తుంది.

యూఎస్ఆర్1 సంగతి ఇంతకన్నా ఖరీదైనది. ప్రోగ్రాంను 'నీ పని ఎంతవరకు వచ్చింది' అని అడగడానికి లైనక్స్‌లో పది పంపే అలవాటు ఉంది. మ్యాక్‌లో ఆ పది బస్ సిగ్నల్. పట్టుకునే ఏర్పాటు లేని ప్రోగ్రాం దానికి చచ్చిపోతుంది. తిరగేసి మ్యాక్ అలవాటుతో లైనక్స్‌లో ముప్పై పంపితే అది పీడబ్ల్యూఆర్, అంటే కరెంటు పోతోందన్న కబురు. దానికీ ప్రోగ్రాం ముగిసిపోవడమే మామూలు. క్షేమసమాచారం అడగబోతే ప్రాణం పోయినట్టు.

ట్రాప్ ఆదేశంలోనూ ఇదే నియమం. ఒక స్క్రిప్టు '10 వస్తే లెక్క చూపించు' అని ట్రాప్ పెట్టుకుని ఉంది, పంపేవాడు మాత్రం పేరుతో యూఎస్ఆర్1 పంపాడనుకోండి. మ్యాక్‌లో ఆ పేరుకు అంకె 30. స్క్రిప్టు కాపలా ఉన్నది పదో గుమ్మం దగ్గర. కాబట్టి మార్చితే పంపే చోట, పట్టుకునే చోట రెండుచోట్లా మార్చాలి. సగం మార్చి వదిలేయడం మార్చకపోవడం కన్నా మేలేమీ కాదు.

ఏ అంకెలు అన్నిచోట్లా ఒకటే?

న్యాయంగా చెప్పాలంటే అన్ని అంకెలూ చెడ్డవి కావు. పోజిక్స్ ప్రమాణమే ఏడు అంకెలకు అర్థం స్థిరపరిచింది: 1 హప్, 2 ఇంట్, 3 క్విట్, 6 ఏబీఆర్‌టీ, 9 కిల్, 14 ఏఎల్ఆర్ఎం, 15 టెర్మ్. ఏడవ ఎడిషన్ నాటినుంచి ఇవి కదలలేదు. 'కిల్ మైనస్ నైన్' కొట్టే అన్నయ్య తప్పు చేస్తున్నాడని ఈ కారణంతో అనలేం. వేరే కారణంతో అనవచ్చు, దానికి తర్వాత వస్తాను.

అయినా ఈ ఏడింటికి కూడా స్క్రిప్టులో పేరే రాయమని నా సలహా. స్క్రిప్టును యంత్రం ఒక్కటే చదవదు. రాత్రి రెండు గంటలకు నైట్ షిఫ్టులో ఉన్న కుర్రవాడు, మీరు ఉద్యోగం మారి వెళ్ళిపోయిన రెండేళ్ళ తర్వాత, మీ స్క్రిప్టు తెరిచి చదువుతాడు. 'ట్రాప్ ... 1 2 3 15' అని ఉంటే అతను పట్టిక వెతుక్కోవాలి. 'హప్ ఇంట్ క్విట్ టెర్మ్' అని ఉంటే చదివిన వెంటనే తెలిసిపోతుంది.

మరో లాభం పొరపాటు పట్టుబడటం. తొందరలో మైనస్ గుర్తు మరిచిపోయి 'కిల్ 9 4321' అని కొడితే షెల్‌కు అది రెండు ప్రాసెస్ నంబర్లలాగా కనిపిస్తుంది. తొమ్మిదో నంబరు ప్రాసెస్‌కు, 4321కి ఇద్దరికీ టెర్మ్ పంపడానికి చూస్తుంది. రూట్ అధికారంతో ఉన్నప్పుడు ఆ తొమ్మిదో నంబరు ప్రాసెస్ ఏదో, దాని గతి ఏమిటో! పేరు రాసి మైనస్ మరిచిపోతే 'ఇది ప్రాసెస్ నంబరు కాదు' అని షెల్ అక్కడికక్కడే గొడవ చేస్తుంది.

పేరు లేని అంకె ఒకటే ఉంది, సున్నా. 'కిల్ -ఎస్ 0 4321' అంటే ఏ సిగ్నలూ వెళ్ళదు. ఆ ప్రాసెస్ ఉన్నదా, దానికి సిగ్నల్ పంపే హక్కు మనకు ఉన్నదా అని మాత్రమే చూసి చెబుతుంది. ఇతరుల ప్రాసెస్ అయితే అది ఉన్నా 'లేదు' అన్నట్టే జవాబు వస్తుంది కనుక దాన్ని పూర్తిగా నమ్మి తాళాలు తీయకండి.

తాళం తీసి వెళ్ళే స్క్రిప్టు

ఇప్పుడు ట్రాప్‌ను ఒక ఉదాహరణతో చూద్దాం. మెస్ బిల్లు లెక్కలు వేసే స్క్రిప్టు ఒకటి ఉంది. ఇద్దరు ఒకేసారి నడిపితే లెక్కలు కలగాపులగం అవుతాయి. అందుకని స్క్రిప్టు మొదట ఒక డైరెక్టరీ సృష్టిస్తుంది. అదే తాళం. రెండోవాడు వస్తే అదే పేరుతో డైరెక్టరీ సృష్టించడం కుదరదు కనుక వెనక్కి వెళ్ళిపోతాడు. పని అయ్యాక తాళం తీసేయాలి. మధ్యలో ఎవరైనా కంట్రోల్ సి నొక్కినా, టెర్మినల్ మూసినా తాళం అక్కడే ఉండిపోకూడదు. ఉండిపోతే మర్నాడు ఎవరు నడిపినా 'ఇప్పటికే నడుస్తోంది' అనే జవాబే. నడిచేవాడు ఎవరూ ఉండడు.

తాళం=/టీఎంపీ/మెస్‌బిల్లు
ఎంకేడిర్ "$తాళం" || ఎగ్జిట్ 1
ట్రాప్ 'ఆర్ఎండిర్ "$తాళం"' ఎగ్జిట్
ట్రాప్ 'ఎగ్జిట్ 129' హప్
ట్రాప్ 'ఎగ్జిట్ 130' ఇంట్
ట్రాప్ 'ఎగ్జిట్ 143' టెర్మ్

మూడో వరుస చివరి ఎగ్జిట్ పెద్ద అక్షరాల్లో రాయాలి. అది సిగ్నల్ కాదు, షెల్ ముగిసే సందర్భానికి పెట్టిన పేరు. పాత స్క్రిప్టుల్లో దాని బదులు సున్నా కనిపిస్తుంది. రెండో వరుసలోనూ కొటేషన్ల మధ్యలోనూ ఉన్న ఎగ్జిట్ చిన్న అక్షరాల ఆదేశం. 'తాళం' అన్న పేరును మీరు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టుకోండి, షెల్ వేరియబుల్ పేర్లకు ఆ అక్షరాలే పనికొస్తాయి.

ఎగ్జిట్ ట్రాప్ ఒక్కటే చాలదా, మిగతా మూడు వరుసలు ఎందుకు అని కొందరు అడగవచ్చు. బ్యాష్ షెల్‌లో చాలు. అది సిగ్నల్‌తో చచ్చేటప్పుడు కూడా ఎగ్జిట్ ట్రాప్‌ను నడిపిస్తుంది. డ్యాష్ అనే షెల్ అలా చేయదు. కాబట్టి ప్రతి సిగ్నల్‌నూ పట్టుకుని, అక్కడినుంచి మామూలు ఎగ్జిట్ దారికి మళ్ళించాలి. అప్పుడు ఏ షెల్‌లోనైనా తాళం ఒకే చోట తీయబడుతుంది.

129, 130, 143 అనేవి ఎక్కడినుంచి వచ్చాయి? సిగ్నల్‌తో పోయిన ప్రోగ్రాం ముగింపు సంఖ్యను చాలా షెల్‌లు 128కి సిగ్నల్ అంకె కలిపి చూపిస్తాయి. హప్ 1, ఇంట్ 2, టెర్మ్ 15 కాబట్టి అవి. ఈ మూడూ స్థిరపడిన అంకెలే కనుక ఇక్కడ భయం లేదు. కానీ 138 చూసి 'యూఎస్ఆర్1తో పోయింది' అని నిర్ణయించే స్క్రిప్టు రాయకండి. అది లైనక్స్ లెక్క, మ్యాక్‌లో అదే 138 బస్‌ది. కార్న్ షెల్ 1993 రకం 128 బదులు 256 కలుపుతుంది కూడా. ముగింపు సంఖ్య చేతిలో ఉంటే 'కిల్ -ఎల్ 143' అని అడగండి, టెర్మ్ అని పేరు అదే చెబుతుంది. మన తరఫున కూడికలు, తీసివేతలు షెల్‌నే చేయనివ్వడం మంచిది.

ఇంకొక మెలకువ. షెల్ ఒక ఆదేశాన్ని ముందు పెట్టుకుని దాని ముగింపు కోసం ఎదురుచూస్తూ ఉంటే, ఆ ఆదేశం ముగిసేదాకా ట్రాప్‌లోని పని మొదలుకాదు. 'స్లీప్ 3600' అని ఉన్న స్క్రిప్టుకు మాత్రమే మీరు టెర్మ్ పంపితే గంటసేపు ఉలుకూ పలుకూ లేకపోవచ్చు. అలాంటి పొడవైన పనిని వెనక, అంటే చివర ఆండ్ గుర్తు పెట్టి, నడిపించి 'వెయిట్' ఆదేశంతో ఎదురుచూస్తే సిగ్నల్ రాగానే వెయిట్ లేచి వచ్చి ట్రాప్‌ను నడవనిస్తుంది. వెనక మిగిలిన ఆ పనిని ఆపే బాధ్యత అప్పుడు మీ ట్రాప్‌దే.

ఇప్పుడు తొమ్మిది సంగతి. పైన పెట్టుకున్న ట్రాప్‌లన్నీ కిల్ సిగ్నల్ ముందు దండగ. తాళం అక్కడే మిగిలిపోతుంది, సగం రాసిన ఫైలు సగంలోనే ఉంటుంది. అందుకే ముందు టెర్మ్ పంపాలి, కొంతసేపు చూడాలి, వినకపోతేనే కిల్. పెద్ద పెద్ద వ్యవస్థలు చేసేదీ ఇదే. డాకర్‌లో ఒక కంటైనర్‌ను ఆపమంటే మామూలుగా ముందు టెర్మ్ వెళ్ళి, పది సెకన్ల తర్వాత కిల్ వెళుతుంది. ఆ పది సెకన్లలో సర్దుకోవడం తెలిసిన స్క్రిప్టు రాసినవాడికి ఉద్యోగంలో గౌరవం దక్కుతుంది.

పేరు రాయడంలోనూ పద్ధతి ఉంది

పేరు ముందు 'సిగ్' అని తగిలించే అలవాటు చాలామందికి ఉంది. సి భాషలో సిగ్‌టెర్మ్, సిగ్‌ఇంట్ అని రాస్తాం కదా, అదే చేయి షెల్‌లోనూ నడుస్తుంది. బ్యాష్ దాన్ని ఒప్పుకుంటుంది. పోజిక్స్ ప్రమాణం మాత్రం ట్రాప్‌కు సిగ్ లేకుండా, పెద్ద అక్షరాల్లో పేరు రాయమంటుంది. మిగతావి ఆయా షెల్‌ల దయ. ఆ దయ మీద ఆధారపడితే ఏమవుతుందో ఉబుంటు వాడేవారికి తెలుసు. 2006లో వచ్చిన 6.10 వెర్షన్‌తో ఉబుంటు తన మామూలు షెల్‌ను బ్యాష్ నుంచి డ్యాష్‌కు మార్చింది. 2011లో డెబియన్ 6 కూడా మార్చింది. స్క్రిప్టు మొదటి వరుసలో 'బిన్ ఎస్‌హెచ్' అని ఉంటే నడిచేది డ్యాషే. అక్కడ ట్రాప్‌లో 'సిగ్‌ఇంట్' అని రాస్తే 'తప్పుడు ట్రాప్' అని తిరగగొట్టింది. ఈఆర్ఆర్, డీబగ్ అనే పేర్లతో బ్యాష్‌లో దొరికే ట్రాప్‌లు కూడా అంతే, డ్యాష్‌కు అవి తెలియవు.

ట్రాప్‌ను రద్దు చేసి మామూలు స్థితికి తేవాలంటే 'ట్రాప్ - ఇంట్' అని మధ్యలో ఒక గీత పెట్టండి. అసలు పట్టించుకోవద్దంటే గీత బదులు ఖాళీ కొటేషన్లు. ఈ రెండింటికీ తేడా పెద్దది. ఖాళీ కొటేషన్లతో కొట్టిపారేసిన సిగ్నల్‌ను ఆ స్క్రిప్టు నుంచి మొదలైన ప్రోగ్రాంలు కూడా వినవు.

పేరు రాశాం కదా అని అన్నీ సర్దుకుంటాయనుకోవడం కూడా పొరపాటే. సిగ్నల్ సరిగ్గా చేరుతుందని పేరు హామీ ఇస్తుంది. చేరాక ప్రోగ్రాం ఏం చేస్తుందన్నది ఆ ప్రోగ్రాం ఇష్టం. డిస్కులను కాపీ చేసే డీడీ ఆదేశం లైనక్స్‌లో యూఎస్ఆర్1 వస్తే ఎంత కాపీ అయిందో లెక్క చూపిస్తుంది. మ్యాక్‌లోని డీడీకి యూఎస్ఆర్1 పంపితే, పేరుతో పంపినా సరే, ఆగిపోతుంది. అక్కడ ఆ పనికి ఇన్ఫో అనే వేరే సిగ్నల్ ఉంది, కంట్రోల్ టి నొక్కితే వెళ్ళేది. కాబట్టి యూఎస్ఆర్ సిగ్నళ్ళు పంపే ముందు ఆ ప్రోగ్రాం మాన్యువల్ పేజీ చదవాలి. దానికి దగ్గరి దారి లేదు.

ల్యాబ్‌లో చేసి చూడండి

రెండు టెర్మినళ్ళు తెరవండి. ఒకదానిలో 'స్లీప్ 600' నడిపించండి. రెండోదానిలో 'పీజీరెప్ స్లీప్' కొట్టి దాని నంబరు తెలుసుకోండి. ల్యాబ్ యంత్రంలో ఇంకెవరి స్లీప్ అయినా ఉండవచ్చు, మీదేనని రూఢి చేసుకున్నాకే ముందుకు వెళ్ళండి. స్టాప్ పంపి, 'పీఎస్' ఆదేశంతో స్థితి చూస్తే టి అనే అక్షరం కనబడుతుంది. మొదటి టెర్మినల్‌లో షెల్ కూడా మళ్ళీ మీ చేతికి వచ్చి ఉంటుంది. అక్కడ 'ఎఫ్‌జీ' కొట్టండి. ఎఫ్‌జీ లోపల పంపేది కాంట్ సిగ్నలే. ఇప్పుడు రెండో టెర్మినల్ నుంచి టెర్మ్ పంపండి. మొదటిదానిలో 'ఎకో $?' కొడితే 143 రావాలి. ఆ 143ను 'కిల్ -ఎల్'కు ఇచ్చి చూడండి.

తర్వాత మెస్ బిల్లు ఉదాహరణను మీ సొంత పేర్లతో రాసి, మధ్యలో ఒక 'స్లీప్ 60' పెట్టి, ఒకసారి కంట్రోల్ సి తో, ఒకసారి 'కిల్ -ఎస్ కిల్'తో ఆపండి. రెండుసార్లూ తాళం డైరెక్టరీ ఉందో లేదో చూసుకోండి. అదే స్క్రిప్టును ఒకసారి బ్యాష్‌తో, ఒకసారి డ్యాష్‌తో నడిపించి, చివరి మూడు ట్రాప్ వరుసలు తీసేసి మళ్ళీ నడిపిస్తే రెండు షెల్‌ల మధ్య తేడా మీ కళ్ళముందే కనబడుతుంది.

ఇక మీ పాత స్క్రిప్టులున్న డైరెక్టరీలో 'గ్రెప్'తో కిల్, ట్రాప్ ఉన్న వరుసలన్నీ వెతికి, అంకెలున్న చోట్లు ఒక కాగితం మీద రాసుకోండి. 1, 2, 3, 6, 9, 14, 15 కానివి ఏవైనా ఉంటే ముందు వాటిని మార్చండి.